తోటలో వాన నీళ్లు నిలవాలంటే: ముందు జనుము, తర్వాత దుప్పటి

ముందు గునపం తీసుకుని తోటలోకి వెళ్లండి. ఏదో ఒక చెట్టు నీడ అంచు దగ్గర అడుగు లోతు తవ్వి, అడుగున ఉన్న మట్టి గుప్పెడు తీసి పిడికిట్లో గట్టిగా నొక్కండి. చెయ్యి తెరిచాక ముద్దలా నిలబడితే నేలలో ఇంకా చెమ్మ ఉన్నట్టు. పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి జారిపోతే లేనట్టు. తర్వాత తోటలోనే ఎండాకులు బాగా పేరుకున్న మూల ఒకటి చూసుకుని అక్కడ కూడా ఇలాగే తవ్వి చూడండి. సంక్రాంతి వెళ్లాక ఎప్పుడు చేసినా రెండు పిడికిళ్లకీ తేడా తెలిసిపోతుంది. వానల్లో వరసల మధ్య పైరు పెంచి, వానలయ్యాక దాన్నే కోసి నేల మీద కప్పే ఈ పద్ధతిలోకి నేను వచ్చింది ఆ తేడా నా చేత్తో చూశాకే.

మాది విశాఖపట్నం దగ్గర పద్మనాభం వైపు మూడెకరాల ఎర్ర గరువు, అంటే ఎర్రమట్టి మెట్టనేల. బంగినపల్లి, సువర్ణరేఖ మామిడి ఉన్నాయి, మెరక మీద జీడిమామిడి, గట్టు వెంట కొబ్బరి. భీమిలి, ఆనందపురం, పెందుర్తి వైపు తోటలున్న వాళ్లకి కూడా నేను చెప్పేది చాలా వరకు పనికొస్తుంది. నేలలు ఇంచుమించు ఒకటే, వానా ఒకటే.

వాన మనకు తక్కువేమీ కాదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే పడుతుంది. కాకపోతే దాదాపు అంతా జూన్ నుంచి నవంబరు లోపే. డిసెంబరు నుంచి మే దాకా పడేది చాలా కొద్ది. మామిడి, జీడి పూత పూసేది, పిందె కట్టేది, కాయ ఊరేది సరిగ్గా ఆ ఎండు నెలల్లోనే. అంటే చెట్టు ఫిబ్రవరిలో తాగాల్సిన నీళ్లు అక్టోబరులోనే నేలలో దాచి పెట్టాలి.

ఎంత దాచవచ్చో ఒక లెక్క చూడండి. ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్లు. ఒక్క రోజు 50 మిల్లీమీటర్లు కురిస్తే 2 లక్షల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు 40 అన్నమాట. పైన ఏ కప్పూ లేక గట్టిపడిన బట్టనేల మీద అందులో సగం వాగులోకి పోయిందనుకోండి, 20 ట్యాంకర్లు కళ్ల ముందే వెళ్లిపోయాయి. పోతూ పోతూ పైమట్టిని కూడా పట్టుకుపోతాయి. బట్టనేలను వాన ఎలా కోస్తుందో చూడాలంటే భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లి, ఆ లోయల్లో కాసేపు నిలబడితే చాలు.

నీటిని నేలలో నిలపడానికి మన చేతిలో ఉన్నవి రెండు. ఒకటి, ఎండుగడ్డో ఆకులో నేల మీద పరిచి కప్పడం. ఉద్యాన శాఖ వాళ్లు మల్చింగ్ అంటారు, ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఆచ్ఛాదన అంటారు. రెండోది, చెట్ల వరసల మధ్య జనుము, పిల్లిపెసర లాంటి కప్పు పైరు వేయడం. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. నీళ్ల విషయంలో ఇవి రెండూ పూర్తిగా వేరు. ఎండుగడ్డి నీళ్లు తాగదు, ఆవిరి కాకుండా ఆపుతుంది. పచ్చని పైరు నీళ్లు తాగుతుంది, చెట్టుతో పోటీ పడి మరీ తాగుతుంది. కానీ వాన పడుతున్నప్పుడు ఆ నీటిని లోపలికి దింపే పని పైరు వేళ్లు చేసినంత బాగా గడ్డి చేయలేదు. అందుకే వానలున్నన్నాళ్లూ పైరు బతికి ఉండాలి, వానలు వెనకబట్టగానే దాన్ని కోసేసి దుప్పటిలా పరచాలి. పనంతా ఈ మార్పు ఎప్పుడు చేస్తారన్న దాని మీదే ఉంది. నెల రోజులు ఆలస్యమైతే మీరు దాచిన నీళ్లు జనుమే తాగేస్తుంది.

విత్తనం ఎప్పుడు, ఏది

రోహిణి కార్తె ఎండలకి రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మాత్రం దుక్కి జోలికి వెళ్లకండి. మృగశిర వచ్చి ఒకటి రెండు మంచి వానలు పడి, నేల పదనుకి వచ్చాక వరసల మధ్య తేలిగ్గా ఒక సాలు దున్ని విత్తనం చల్లండి. చెట్టు నీడ కింద దున్నవద్దు. అక్కడ జానెడు లోతులోనే పీచువేర్లు ఉంటాయి, వాటిని తెంపితే మన చేత్తో మనమే చెట్టుకి నీళ్లు ఆపినట్టు.

ఎర్ర గరువుకి జనుము బాగుంటుంది. ఎకరమంతా వేస్తే 15 నుంచి 20 కిలోల విత్తనం పడుతుంది. తోటలో చెట్ల కింద వదిలేస్తాం కాబట్టి అంతకన్నా తక్కువే చాలు. వాన నీళ్లు రెండు మూడు రోజులు నిలిచిపోయే పల్లం అయితే జనుము కుళ్లిపోతుంది, అక్కడ జీలుగ వేయండి. పిల్లిపెసర నేలకి అంటుకుని పాకుతుంది, వాన కాస్త వెనకాడినా తట్టుకుంటుంది, పశువులకి మేతగానూ పనికొస్తుంది. ఇంట్లో ఆవో గేదో ఉంటే నేను దీనికే ఓటేస్తాను. బొబ్బర్లు వేస్తే కూరకి కాయలు కూడా దొరుకుతాయి, కానీ చిన్న మొక్కల మీదకి పాకకుండా వారానికోసారి తీగలు పక్కకి లాగాలి. మొక్క చుట్టూ గజం దూరం దాకా ఏ పైరూ వేయకపోవడమే మంచిది.

దగ్గర దగ్గరగా కమ్ముకుపోయిన పాత జీడితోటల్లో నీడ కింద ఏమీ మొలవదు. అక్కడ విత్తనం దండగ. రాలిన ఆకునే కాపాడుకుంటే సరిపోతుంది.

వరసల మధ్య పైరు ఎందుకు, చెట్టు మొదట్లో గడ్డి వేస్తే చాలదా అని నన్ను చాలామంది అడిగారు. 10 మీటర్ల ఎడంతో ఎకరానికి 40 మామిడి చెట్లు. ఒక్కో చెట్టు చుట్టూ మీటరున్నర దూరం దాకా గడ్డి పరిచారనుకోండి. అది చెట్టుకి 7 చదరపు మీటర్లు, 40 చెట్లకి 280. ఎకరం అంటే 4 వేల చదరపు మీటర్ల పైన. అంటే మీరు కప్పింది నూటికి 7 వంతులు. మిగిలిన 93 వంతుల మీద పడిన వాన సంగతి ఎవరు చూడాలి? అంత నేలకి సరిపడా గడ్డి కొని తేలేం. అక్కడికక్కడే పండించుకోవాలి.

ఎప్పుడు కోయాలి

పుస్తకాల్లో పచ్చిరొట్టని పూత దశలో, అంటే 45 రోజులకి దున్నేయమని ఉంటుంది. అది ఎరువు కోసం చెప్పిన మాట. లేత జనుము కోసి పరిస్తే కొద్ది వారాల్లోనే కరిగి మట్టిలో కలిసిపోతుంది. నేలకి బలమే, కానీ వేసవిలో కప్పుకోవడానికి ఏమీ మిగలదు. దుప్పటి కావాలంటే కాస్త ముదరనివ్వాలి. 60, 70 రోజులకి కాడ నార పడుతుంది. పురికొస పేనే నార అదే కదా, తొందరగా చివకదు. గింజ కట్టక ముందే కోయండి, లేకపోతే కాడలో బలమంతా గింజలోకి పోతుంది.

నేను రెండు విడతలు వేస్తాను. జూన్ నెలాఖరున వేసిన జనుముని ఆగస్టులో పూత మీద లేతగానే కోసి అక్కడే పడేస్తాను, అది ఎరువు వాటా. దాని మీదే పిల్లిపెసర చల్లుతాను, మొలకకి అప్పటికి తడి ఎలాగూ ఉంటుంది. ఆ రెండో పైరుని స్వాతి కార్తె దాటనివ్వను, అంటే నవంబరు మొదటి వారానికి కోత అయిపోవాలి. అది దుప్పటి వాటా. ఏడాదికి ఒక్కసారే వేయగలిగే వాళ్లు ఆగస్టు నెలాఖరున జనుము వేసి, నవంబరు మొదటి వారానికి ముదురుగా కోసుకోవచ్చు.

ఉలవల గురించి కూడా చెప్పాలి. మన దగ్గర వానలు తగ్గాక గరువుల్లో ఉలవలు చల్లడం తాతల కాలం నుంచీ ఉంది, మంచి పంటే. కానీ కాపుకొచ్చిన తోటలో ఆ పంట గింజ దాకా నిలిపితే అది తాగేది చెట్టు వాటా నీళ్లే. ఉలవలు కావాలంటే తోట బయట వేసుకోండి.

కోసేటప్పుడు పీకవద్దు, దున్నవద్దు. కొడవలితోనో బ్రష్ కట్టర్‌తోనో మట్టానికి కోసి పరిచేయండి. నేలలో మిగిలిన వేళ్లు కుళ్లి సన్నటి గొట్టాల్లా ఖాళీలు మిగులుతాయి. తర్వాతి వాన వాటిలోంచే లోపలికి దిగుతుంది. దీన్ని మీరే పరీక్షించి చూడొచ్చు. ఆరంగుళాల పీవీసీ పైపు జానెడు ముక్క కోయించి, తడిసిన నేలలో రెండంగుళాలు దిగ్గొట్టి, లీటరు నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకాయో ఫోన్‌లో టైం చూడండి. ఒకసారి బండ్ల దారి పక్కన, ఒకసారి జనుము కోసిన చోట చేయండి. మొదటిసారి చేసినప్పుడు జనుము చోట నేను పైపు సరిగ్గా దిగ్గొట్టలేదేమో, పక్కకి కారిపోతున్నాయేమో అని మళ్లీ పోసి చూశాను. కారలేదు, అంత తొందరగా ఇంకాయి.

దుప్పటి పరచడం

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. ఎండిన నేల మీద గడ్డి పరవకూడదు. మా తోటలో మొదటి ఏడాది గడ్డి దొరికింది కదా అని ఏప్రిల్లో మందంగా పరిచేశాను. మే నెలలో రెండు మూడు చిన్న జల్లులు పడ్డాయి. గడ్డి తడిసింది, కింద మట్టి పొడిగానే ఉంది. పై గడ్డి తాగిన నీళ్లు మర్నాటి ఎండకి ఆరిపోయాయి. దుప్పటి కింద తడి ఉంటే తడిని కాపాడుతుంది, పొడి ఉంటే పొడినే కాపాడుతుంది. కాబట్టి అక్టోబరు వానలకి నేల అడుగున్నర లోతు దాకా తడిసిందని గునపంతో చూసుకున్నాకే పరవండి. డ్రిప్ ఉన్నవాళ్లు వేసవిలో పరచాల్సి వస్తే, ముందు నిండుగా తడి పెట్టి, మర్నాడు పరవండి.

ఏం పరచాలి అంటే, దగ్గర్లో చవగ్గా దొరికేది. అనకాపల్లి, చోడవరం వైపు అయితే చెరకు ఆకు. నరికాక చాలామంది పొలంలోనే తగలబెట్టేస్తారు, అడిగితే ట్రాక్టరు కిరాయికే వస్తుంది. నా అనుభవంలో వరిగడ్డి కన్నా అదే ఎక్కువ కాలం ఉంది. సముద్రం వైపు సరుగుడు ఆకు, గట్ల మీద కొబ్బరి మట్టలు, ఇంకెక్కడైనా వేరుశనగ పొట్టు, నువ్వు కట్టె. వరిగడ్డి పశువులు లేనివాళ్లకే, ఉన్నవాళ్లు దాన్ని మేతకే ఉంచుకోవాలి. తోటలో రాలిన ఆకుని మాత్రం ఒక్కటి కూడా బయటికి పోనివ్వకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా తోటలో కూలిన కొమ్మలు, ఆకు కొండలా పడ్డాయి. దారి కావాలన్న తొందరలో అంతా కుప్ప పోసి కాల్చేశాం. రెండు మూడేళ్లకి సరిపడే దుప్పటి అది. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది. తుపాను తర్వాత సన్న కొమ్మలు నరికి పాదుల్లో వేసుకోండి, తెగులు పట్టి ఎండిన కొమ్మల్ని మాత్రం వేరు చేసి తోట బయట కాల్చండి.

మందం నాలుగంగుళాలు ఉండాలి. ఎండాకు, గడ్డి అణిగిపోతాయి కాబట్టి పరిచేటప్పుడు ఆరంగుళాలు వేయండి. చెట్టు మొదలుకి అడుగు దూరం వదిలి, నీడ అంచుకి కొంచెం బయటి దాకా పరవాలి. నీళ్లు తాగే పీచువేర్లు ఎక్కువగా ఆ అంచు కిందే ఉంటాయి, మొదలు దగ్గర కాదు. మొదలుకి ఆనించి వేస్తే బెరడు నాని కుళ్లుతుంది, చెదలు ఎక్కుతాయి. ఎర్రనేలలో చెదలు ఎలాగూ వస్తాయి. చాలా వరకు అవి చచ్చిన గడ్డినే తింటాయి, అందుకని హడావిడి పడి మందులు కొట్టేయకండి. చెట్టుకి కిలో, రెండు కిలోల వేపపిండి చల్లి, దాని మీద గడ్డి వేసి, మొదలు మీద మట్టి గూళ్లు కనిపిస్తున్నాయేమో పది రోజులకోసారి చూస్తే సరిపోతుంది.

గడ్డిని మట్టిలో కలపవద్దు. కలిపితే అది చివకడానికి నేలలో ఉన్న నత్రజనిని లాక్కుంటుంది, చిన్న మొక్కలు పసుపెక్కుతాయి. పైన పైనే ఉంటే ఆ ఇబ్బంది పెద్దగా ఉండదు.

వాలు నేలైతే గడ్డిని, కొమ్మల్ని వాలుకి అడ్డంగా పరచాలి. నిలువుగా పరిస్తే నీళ్లు వాటి వెంటే కిందికి జారిపోతాయి. పెద్ద వానకి కొట్టుకుపోకుండా పైన కొబ్బరి మట్టలు బరువు వేయండి. కొబ్బరి చెట్లకి అయితే కాయ వలిచిన డొక్కలే మంచివి. మొదలు చుట్టూ ఆరడుగుల దూరం దాకా ఉన్న పాదులో వంద డొక్కల దాకా పడతాయి, ఉబ్బు పైకి వచ్చేలా బోర్లా పేర్చండి.

మొదటిసారి ఇలా పరుస్తుంటే పక్క తోట ఆయన గట్టు మీద నిలబడి, "ఏటి బావా, చెట్లకి చలేస్తందా?" అని అడిగాడు. మార్చిలో ఆయన్నే పిలిచి, దుప్పటి కింద చెయ్యి పెట్టి చూడమన్నాను. బయట మట్టి మీద మధ్యాహ్నం కాలు పెట్టలేకపోతున్నాం. గడ్డి ఎత్తితే కింద చల్లగా, నల్లబడిన మట్టి, అందులో దారాల్లా తెల్లటి పీచువేర్లు, రెండు వానపాములు. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు చెరకు ఆకు ఎక్కడ దొరుకుతుందో అడిగి వెళ్లాడు.

ఆ తెల్ల వేర్లు చూసి సంతోషించాల్సిందే, కానీ జాగ్రత్త కూడా అక్కడే మొదలవుతుంది. చల్లదనానికి వేర్లు పైకి వచ్చేస్తాయి. ఏప్రిల్, మేలో ఎవరో చెప్పారని దుప్పటి తీసేస్తే అవి రెండు రోజుల్లో మాడిపోతాయి. ఒకసారి కప్పాక వానలు వచ్చేదాకా తీయకూడదు.

మామిడికి ఒక మినహాయింపు

కాపు మామిడికి పూతకి ముందు రెండు మూడు నెలలు బెట్ట ఉండాలి. తడి ఎక్కువైతే పూత బదులు చిగురు వస్తుంది. మరి నవంబరులో కప్పితే ఎలా అని అనుమానం రావడం సహజం. ఎర్ర గరువులో నీళ్లు తొందరగానే లోపలికి దిగిపోతాయి, నవంబరులో కప్పినా మా తోటలో పూతకి అడ్డం రాలేదు. అయితే అక్టోబరు నుంచి పూత వచ్చేదాకా డ్రిప్ తిప్పవద్దు. పల్లపు నల్లనేలైతే మాత్రం కోసిన పైరుని వరసల మధ్యే ఉంచి, పూత పూర్తిగా వచ్చాక పాదుల్లోకి లాగండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక తడి మొదలుపెట్టండి. కాపుకి రాని చిన్న మొక్కలకి ఈ నియమం లేదు, వాటికి ఎప్పుడూ కప్పే ఉంచాలి.

డ్రిప్ గొట్టం దుప్పటి కింద ఉండాలి, పైన కాదు. పైన ఉంటే నీళ్లు ముందు గడ్డి తాగుతుంది. వారానికోసారి గడ్డి పక్కకి తీసి చుక్క పడుతోందో లేదో చూడండి, ఎలుకలు గొట్టాలు కొరుకుతాయి. ఆ గడ్డి చేత్తో తీయకుండా కర్రతో తీయండి, కింద పాము ఉండొచ్చు. కప్పిన తర్వాత కూడా పాత టైం ప్రకారమే మోటారు వేస్తే నీళ్లు వృథా. పిడికిలి పరీక్ష చేసి, ముద్ద కడుతోందంటే ఇంకో రెండు రోజులు ఆగండి.

జీడితోటలో ఇంకో చిక్కు ఉంది. మార్చి నుంచి పిక్కలు రాలతాయి. మందపాటి ఆకులో పడితే ఏరేవాళ్లకి కనిపించవు, రోజు కూలి వెతకడానికే సరిపోతుంది. అందుకని చెట్టు నీడ అంచున వాలుకి ఎగువ వైపు అర్ధచంద్రంలా అడుగు లోతు గాడి తీసి, మందపు దుప్పటి అందులో కూరండి. నీడ కింద అంగుళం మందాన ఆకు మాత్రం ఉంచి, మిగతాది గాడిలోకి ఊడ్చండి. వానాకాలంలో ఆ గాడే నీళ్లు పట్టుకుంటుంది.

ప్లాస్టిక్ షీటు సంగతి కూడా అడుగుతారు. పండ్ల చెట్లకి 100 మైక్రాన్ల షీటు వాడతారు, కలుపుని, ఆవిరిని బాగానే ఆపుతుంది. కానీ వాన నీళ్లని లోపలికి పోనివ్వదు, నేలకి తిండి పెట్టదు, చిరిగాక ఏరడం నరకం. వానాధారం తోటకి నేను వద్దంటాను.

చివరిగా నిప్పు. మార్చి వచ్చేసరికి తోటంతా ఎండుగడ్డే. దారి పక్కన ఒక బీడీ ముక్క చాలు. తోట చుట్టూ మూడు గజాల వెడల్పున గడ్డి, ఆకు లేకుండా గీకి శుభ్రంగా ఉంచండి. చెట్టుకీ చెట్టుకీ మధ్య దుప్పటి ఒకదానికొకటి కలవకుండా రెండు మూడు చోట్ల నేల వదిలేయండి. పనికి వచ్చేవాళ్లకి చుట్ట, బీడీ గట్టు బయటే అని ముందే చెప్పండి.

మళ్లీ మే నెలాఖరుకి దుప్పటి చివికి అంగుళం, రెండంగుళాలు మిగులుతుంది. దాన్ని కదపకుండా వదిలేసి, జనుము విత్తనం అప్పుడే తెచ్చి పెట్టుకోండి. మృగశిరలో వాన పడ్డాక రైతు సేవా కేంద్రానికి వెళ్తే అప్పటికే అయిపోయిందంటారు.